అమిలాయిడోసిస్ అనుమానం: కొవ్వు బయాప్సీయా, పీవైపీ స్కానా, ముందు ఏది మేలు?

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నైకి చూపించుకోవడానికి వచ్చే మనవాళ్ల తరఫున డాక్టర్లతో మాట్లాడే పని తరచు నా మీద పడుతుంది. ఎకోలో గుండె గోడలు మందంగా కనిపించి "అమిలాయిడోసిస్ కావచ్చు" అన్నారంటే చాలు, ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్: ముక్క తీయించాలా, స్కాన్‌తో తేలిపోతుందా? పెద్దాయనకి సూదులెందుకని ఎక్కువమంది స్కాన్ వైపే మొగ్గుతారు. నేను మాత్రం, రక్తం, మూత్రం పరీక్షలు రాకముందు ఆ రెండిట్లో ఏదీ ఎంచుకోవద్దంటాను.

ఎందుకంటే ఇది ఒక్క జబ్బు కాదు. ఏదో ఒక ప్రొటీన్ సరిగా మడతపడక, సన్నటి పోగులుగా మారి గుండెలో, కిడ్నీల్లో, నరాల్లో పేరుకుంటుంది. ఆ ప్రొటీన్ ఏదన్నదే అసలు ప్రశ్న. ఎముక మజ్జలోని ప్లాస్మా కణాల నుంచి వచ్చే లైట్ చైన్ (యాంటీబాడీలో ఒక చిన్న ముక్క) అయితే ఏఎల్ రకం. కాలేయంలో తయారయ్యే ట్రాన్స్‌థైరెటిన్ అయితే ఏటీటీఆర్. ఇది వయసు వల్ల రావచ్చు, వంశపారంపర్యంగానూ రావచ్చు. క్షయ, కీళ్లవాతం లాంటివి ఏళ్ల తరబడి ఉంటే వచ్చేది ఏఏ, దీని దెబ్బ ముఖ్యంగా కిడ్నీల మీద. ఏఎల్‌కి ప్లాస్మా కణాలను అణిచే డారాటుముమాబ్ లాంటి మందులు, ఏటీటీఆర్‌కి టఫామిడిస్ లాంటివి. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

పీవైపీ స్కాన్‌లో కోత లేదు. చేతి నరంలోకి కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కించి, కొన్ని గంటలయ్యాక ఫొటోలు తీస్తారు. గుండె కండరం గ్రేడ్ 2 లేదా 3 స్థాయిలో (అంటే పక్కటెముకలతో సమానంగా లేదా అంతకంటే ఎక్కువగా) మందును పీల్చుకుని, రక్తంలో, మూత్రంలో మోనోక్లోనల్ ప్రొటీన్ (ఒకే రకం ప్లాస్మా కణాలు అతిగా పెరిగి తయారుచేసే ప్రొటీన్) లేకపోతే బయాప్సీ లేకుండానే ఏటీటీఆర్ అని నిర్ధారించవచ్చని 2016లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం చూపింది. ఆ రెండో షరతునే జనం వదిలేస్తారు. ఏఎల్ రోగుల్లో కూడా 20 శాతం పైగా స్కాన్ ఎంతో కొంత పాజిటివ్ వస్తుంది. దాన్ని ఏటీటీఆర్ అనుకుని కూర్చుంటే ప్రమాదం, ఎందుకంటే గుండెకు పాకిన ఏఎల్‌లో నెలలు కూడా విలువైనవే. స్కాన్ చేయిస్తే స్పెక్ట్ చిత్రాలు (మందు ఎక్కడుందో లోతుగా చూపే త్రీడీ ఫొటోలు) కూడా తీయమనండి. గుండె గదుల్లోని రక్తంలో మిగిలిన మందు కండరం పీల్చుకున్నట్టు కనిపించి మోసం చేయగలదు.

ఆ మోనోక్లోనల్ ప్రొటీన్ ఉందో లేదో తేల్చడానికి అడగాల్సిన పరీక్షలు మూడు: సీరం ఫ్రీ లైట్ చైన్స్, రక్తంలో ఇమ్యునోఫిక్సేషన్, మూత్రంలో ఇమ్యునోఫిక్సేషన్. ప్రొటీన్లను విడదీసి చూసే ఉత్త ఎలక్ట్రోఫోరెసిస్ చాలదు. కిడ్నీలు బలహీనంగా ఉంటే లైట్ చైన్ నిష్పత్తి కాస్త పెరుగుతుంది కాబట్టి అంకె చూసి కంగారు పడకుండా హెమటాలజిస్టుకి (రక్తం జబ్బుల డాక్టరుకి) చూపించాలి.

కొవ్వు బయాప్సీ పేరుకే భయం. బొడ్డు పక్కన మత్తిచ్చి సూదితో కొద్దిగా కొవ్వు లాగుతారు, అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు. దానికి కాంగో రెడ్ రంగు వేసి పోలరైజ్డ్ కాంతిలో చూస్తే అమిలాయిడ్ ఆకుపచ్చగా మెరుస్తుంది. ఏఎల్‌లో మజ్జ పరీక్ష కూడా కలిపితే దాదాపు 85 శాతం మందిలో దొరుకుతుంది. వయసుతో వచ్చే ఏటీటీఆర్‌లో కొవ్వులో దొరికేది 15 శాతం దగ్గరే, అంటే నెగెటివ్ వచ్చినా జబ్బు లేదనుకోకూడదు.

కాబట్టి, రెండు మణికట్లకీ కార్పల్ టనెల్ (నరం నొక్కుకుపోవడం, ఏటీటీఆర్‌కి ఇదో సూచన) ఆపరేషన్ అయిన డెబ్బై అయిదేళ్ల తాతయ్యకి రక్తం, మూత్రం శుభ్రంగా ఉంటే స్కానే మేలు. మూత్రంలో నురగ, కాళ్ల వాపు, లైట్ చైన్లలో తేడా ఉన్న యాభై ఏళ్ల మనిషికి కొవ్వు, మజ్జ వెంటనే తీయించాలి, స్కాన్ కోసం ఆగకూడదు. ముసలివాళ్లలో స్కానూ, రక్తం, మూత్రం పరీక్షలూ రెండూ అనుమానంగా వచ్చి కొవ్వులోనూ ఏమీ దొరకకపోతే గుండె బయాప్సీ తప్పదు, అదీ అలవాటున్న చేతుల్లోనే. పాత క్షయ ఉండి మూత్రంలో ప్రొటీన్ పోతుంటే ఈ స్కాన్‌తో పని లేదు, కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

బయాప్సీ రిపోర్టులో "అమిలాయిడ్ ఉంది" అని మాత్రమే ఉంటే ఏ రకమో కూడా తేల్చమని అడగండి. ఏ ప్రొటీనో గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమెట్రీ అన్ని ల్యాబుల్లో ఉండదు, బ్లాక్ (తీసిన ముక్కను మైనంలో భద్రపరిచింది) వేరేచోటికి పంపించాల్సి రావచ్చు. ఏటీటీఆర్ అని తేలితే జన్యు పరీక్ష కూడా చేయించండి, పిల్లలకీ తోబుట్టువులకీ అది అవసరం.