ఏరేటర్ల మోత వినపడని ఒడ్డు కోసం

కోనసీమలో దిండిలో కాటేజీ తీసుకుని ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. గోదావరి పాయ వశిష్ట ఒడ్డున టూరిజం వాళ్ళ రిసార్టు, కొబ్బరిచెట్లు, హౌస్‌బోట్లు. పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్తే అదే సుఖం, నేనే రెండుసార్లు వెళ్ళొచ్చాను. ఈసారి నాకూ మా బావమరిదికీ కావలసింది మాత్రం ఒక డేరా, రెండు గాలాలు, పాటలు పెట్టేవాళ్ళు లేని ఒడ్డు.

కోరింగ పేరు ముందే కొట్టేశాం. అది అభయారణ్యం, చెక్క వంతెన మీద మడ చెట్లు చూసుకుంటూ నడిచి, పడవ ఎక్కి, సాయంత్రానికి బయటికి వచ్చేయాలి. గాలం ఊసే ఎత్తకూడదు.

జనవరి చివర్లో నరసాపురంలో రైలు దిగి, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద సఖినేటిపల్లి దాటి అంతర్వేది చేరాం. మాఘమాసంలో నరసింహస్వామి కల్యాణం, తీర్థం ఉంటాయని ఇంట్లో ఎవర్ని అడిగినా చెప్పేవాళ్ళు, మేం అడగలేదు. జీళ్ళ కొట్లు, బొమ్మల కొట్లు, అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా జనమే జనం. గట్టు దగ్గర నది సముద్రంలో కలిసేది చూసి తీరాల్సిందే, కానీ అక్కడ నీటి లాగుడు చూశాక గాలం పట్టుకుని దిగాలనిపించలేదు.

ఆ రాత్రికి ఫోన్లో చూసి ఒక గది తీసుకున్నాం, 1,800 రూపాయలు, 'నది ఒడ్డునే' అని రాశారు. నది ఉంది నిజమే, దానికీ మా కిటికీకీ మధ్య నాలుగు రొయ్యల చెరువులు కూడా ఉన్నాయి. చెరువుల దగ్గర రాత్రి పడుకోనివాళ్ళకి చెప్తున్నాను, రొయ్యలకి గాలి అందాలని ఏరేటర్లు తెల్లవార్లూ తిప్పుతారు, కరెంటు పోతే జనరేటర్ మొదలు. నిద్ర పట్టక తొమ్మిదిన్నరకి పక్క మురుగు కాలువలో గాలం వేశామో లేదో, కావలి మనిషి టార్చి తెచ్చి మొహం మీద కొట్టాడు. తప్పు ఆయనది కాదు, పట్టుబడికొచ్చిన చెరువు పక్కన రాత్రిపూట సంచులతో కూర్చున్న ఇద్దర్ని చూసి ఇంకేమనుకుంటాడు? గది వాళ్ళు మాత్రం పొద్దున్నే కాఫీకి విడిగా డబ్బులడిగారు, అది బాగా మండింది.

మర్నాడు గోదావరి ఇంకో పాయ వైనతేయ వైపు వెళ్ళాం. బోడసకుర్రు వంతెనకి దిగువన ఒక చిన్న రేవులో వల బాగుచేసుకుంటున్న ముసలాయనని అడిగితే, 'లంకలో పడుకుంటారా? దోమలండీ బాబూ' అన్నాడు, ఆ తర్వాత ఆయనే నది మధ్యనున్న ఆ దిబ్బ మీద నావలో దింపి మర్నాడు తీసుకొచ్చేట్టు 700కి ఒప్పుకున్నాడు. ఈ ప్రయాణం మొత్తానికి ఊరికే పోలేదనిపించిన డబ్బు అదొక్కటే.

మేం నీటికి దగ్గరగా చదునైన ఇసుక చూసి డేరా గుడ్డ పరిచేశాం. ఆయన నావ ఎక్కబోతూ ఆగి, పైన ఎండిపోయిన గుర్రపుడెక్క గీత చూపించాడు. 'పోటు అక్కడిదాకా వస్తుందండీ. దాని పైన వేసుకోండి, ఆయ్.' సముద్రం ఇంత దగ్గరుంటే నదిలో కూడా రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, పున్నమికీ అమావాస్యకీ మరీ ఎక్కువ. మాది పున్నమి దగ్గరపడ్డ రోజు. రాత్రి లేచి చూస్తే మేం మొదట గుడ్డ పరిచిన చోట మోకాలిలోతు నీళ్ళు.

చేపల సంగతికొస్తే గొప్పలేం లేవు. పచ్చి రొయ్య ఎరగా పెట్టి పండుగొప్ప కోసం రెండు గంటలు కూర్చుంటే బెండు కదల్లేదు. పోటు ఎక్కడం మొదలయ్యాక వానపాము గుచ్చితే వరసగా జెల్లలు, అందులో ఒకదాని ముల్లు మా బావమరిది బొటనవేలిలో దిగింది. చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో అరగంట ముంచితే పోటు తగ్గింది (ఈ పోటు వేరు లెండి). జెల్లల పులుసుకి చింతపండు, కారం ఇంటి దగ్గర్నించే తెచ్చుకున్నాం, రేవులో తాగే నీళ్ళ టిన్ను కూడా ఎక్కించుకున్నాం, ఎందుకంటే అక్కడ నది నీళ్ళు ఉప్పగా ఉంటాయి.

దోమల గురించి ముసలాయన చెప్పింది తక్కువే. చీకటి పడే వేళ ఒక గంట డేరా జిప్పు తీయకపోవడమే మేలు. ఆ తర్వాత గాలి తిరిగింది, దూరంగా ఎవరో నావ అంచు మీద కర్రతో కొట్టి చేపల్ని వలలోకి తోలుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. మేం అంత దూరం వచ్చింది దీనికే.

పొద్దున తిరిగొస్తూ, పులసల వేళకి ఆగస్టులో వచ్చి ఇక్కడే డేరా వేస్తామంటే ముసలాయన తెడ్డు ఆపి మరీ నవ్వాడు. 'వరదకి ఎర్ర నీరొచ్చాక ఈ లంకలో డేరా ఎక్కడేస్తారండీ? కొబ్బరిచెట్టుకి కట్టుకోవాలి, ఆయ్.'