నేషనల్ ఇంపార్టెన్స్ దగ్గరే తడబడే ఎన్‌ఐడబ్ల్యూ సర్వీసు: 5కి 3

ఎంబీఏ చేసి అమెరికాలో సప్లై చైన్‌లోనో ఫైనాన్స్‌లోనో పనిచేస్తూ, ఈబీ-2 ఎన్‌ఐడబ్ల్యూ (దేశ ప్రయోజనం చూపించి, కంపెనీ స్పాన్సర్ లేకుండా గ్రీన్‌కార్డు కోసం వేసుకునే పిటిషన్) సొంతంగా వేద్దామనుకునే వాళ్ల కోసం రాస్తున్నాను. రీసెర్చి చేసేవాళ్లకి ఇది అంతగా పనికిరాదు, వాళ్లకి పేపర్లూ సైటేషన్లూ ఉంటాయి, మన తిప్పలు వేరు. నా పిటిషన్ తయారుచేసిన సంస్థ గురించే ఈ రివ్యూ, పేరు మాత్రం రాయడం లేదు.

మొదటి ఫోన్‌లో మాట్లాడేది లాయరు కాదు, సేల్స్ మనిషి. "మీ ప్రొఫైల్ చాలా స్ట్రాంగ్ అండీ" అన్నాడు. కాదని చెప్పిన కేసు ఒక్కటైనా ఉందా అని అడిగితే మాట మార్చేశాడు.

డబ్బు కట్టాక వచ్చిన మొదటి డ్రాఫ్ట్ చూసి నీరసం వచ్చింది. కోవిడ్‌లో సరుకు రవాణా ఎలా స్తంభించింది, దేశానికి సప్లై చైన్ ఎంత ముఖ్యం అని పేజీలకు పేజీలు, నేను చేయబోయే పని గురించి మాత్రం రెండు పేరాలు. ఎన్‌ఐడబ్ల్యూ కేసుల్ని ఎలా తూచాలో చెప్పిన 2016 డిసెంబరు నాటి ధనసర్ నిర్ణయానికి ఇది పూర్తిగా విరుద్ధం: నేషనల్ ఇంపార్టెన్స్ అంటే రంగం ముఖ్యమా అని కాదు, నువ్వు చేస్తానంటున్న ఆ ఫలానా పని ముఖ్యమా అని చూస్తారు. ఆ కేసులోనే ధనసర్ చేసే హైపర్‌సోనిక్ ప్రొపల్షన్ రీసెర్చిని ఒప్పుకుని, ఆయన టీచింగ్‌కి మాత్రం అంత విస్తృతమైన ప్రభావం ఉన్నట్టు ఆధారాలు లేవన్నారు. ఇంజినీరింగ్ పాఠాలకే ఆ గతి పడితే మన కన్సల్టింగ్‌ని ఎవరు లెక్కచేస్తారు చెప్పండి!

గట్టిగా అడిగితే అసలు లాయర్‌తో కాల్ ఏర్పాటు చేశారు. మూడు స్టార్లూ ఆవిడకే. సుత్తి లేకుండా ఒకటే అడిగారు: "మీ క్లయింట్‌కి ఖర్చు తగ్గితే ఆ కంపెనీకి లాభం, బయటివాళ్లకి ఏంటి?" అక్కడి నుంచి మొత్తం తిరగరాశాం. ఒకే సప్లయర్ మీద ఆధారపడ్డ చిన్న తయారీ కంపెనీలు ఆ రిస్కును ముందే అంచనా వేసుకునే పద్ధతి, అది నా క్లయింట్ల దగ్గరే ఆగకుండా మిగతావాళ్లకీ ఎలా చేరుతుంది, నేను ఇప్పటికే చేసిన పనిలో దానికి ఆధారం ఏంటి అన్నవే మిగిలాయి. "ఈ నైపుణ్యం ఉన్నవాళ్లు దొరకడం లేదు" అన్న పేరా తీసేయించారు. కొరత ఉంటే లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి అమెరికాలో మనుషులు దొరకడం లేదని కంపెనీ చూపించే పద్ధతి) దారి ఉందిగా అంటారట ఆఫీసర్లు.

బిజినెస్ ప్లాన్ మాత్రం దండగ. వేరే వెండర్‌తో చేయించి ఇచ్చారు, ఐదేళ్లలో ఇన్ని ఉద్యోగాలు, ఇంత రెవెన్యూ అని రంగురంగుల పట్టికలు, ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎక్కడా లేదు. 2025 జనవరిలో యూఎస్‌సీఐఎస్ (ఈ పిటిషన్లు చూసే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) మార్చిన గైడెన్స్‌లో బిజినెస్ ప్లాన్లనీ, సపోర్ట్ లెటర్లనీ ఎలా తూకం వేస్తారో రాశారు, ఈ వెండర్ దాని మొహం చూసినట్టు లేదు. రికమండేషన్ లెటర్లు కూడా అన్నీ ఒకే చేత్తో రాసినట్టుంటే నేనే మళ్లీ అడిగి, ఎవరి మాటల్లో వాళ్లతో రాయించుకున్నాను.

ప్రీమియంలో (అదనపు ఫీజు కట్టి త్వరగా చూడమనే పద్ధతి) 45 పనిదినాల్లో ఏదో ఒక స్పందన రావాలి, మాకు ఆర్‌ఎఫ్‌ఈ (ఇంకా ఆధారాలు పంపమనే నోటీసు) వచ్చింది. ఊహించిన చోటే, నేషనల్ ఇంపార్టెన్స్ మీద. జవాబు చాలా బాగా రాశారు, దాంతోనే అప్రూవ్ అయింది, అది ఒప్పుకోవాలి. కాకపోతే ఆర్‌ఎఫ్‌ఈకి వేరే ఫీజు అని అప్పుడు చెప్పారు. కాబట్టి ముందే రాతపూర్వకంగా అడగండి.

ఇండియాలో పుట్టినవాళ్లకి ఇంకో మాట. అప్రూవ్ అయ్యేది ఐ-140 అనే పిటిషన్, గ్రీన్‌కార్డు కాదు. ప్రయారిటీ డేట్ (క్యూలో మన స్థానం చెప్పే తేదీ) వంతు వచ్చేదాకా ఏళ్ల తరబడి క్యూ అలాగే ఉంటుంది. ఆ డేట్ మనదవడం, ఆరేళ్ల పరిమితి దాటాక కూడా హెచ్-1బీ వర్క్ వీసా పొడిగించుకోగలగడం మంచి లాభాలే, కానీ వీళ్ల ప్రకటనల్లో ఆ తేడా వెతికినా కనపడదు.

రీఫండ్ గ్యారంటీ చూసి చేరేవాళ్లు కాంట్రాక్టు చివరి పేజీ చదవండి. ప్రపోజ్డ్ ఎండీవర్ (పిటిషన్‌లో చేస్తానని చెప్పే పని) మధ్యలో మారితే గ్యారంటీ వర్తించదట. వాళ్ల మొదటి డ్రాఫ్ట్ చూశాక మార్చకుండా ఉండేవాళ్లు ఎవరో మరి.