పాత సంఘం నిలవాలంటే ఏది మేలు: రెండో ఆరాధనా, ఉన్నదాన్ని మార్చడమా, ఇళ్ల కూడికలా?

పోయిన నెల మా కమిటీ మీటింగు రాత్రి పదిన్నర దాకా సాగింది. మాది ఒంగోలు వైపు పాత బాప్టిస్టు సంఘం. గుడిలో రెండు వందల మంది కూర్చోవచ్చు. మామూలు ఆదివారం డెబ్బై మంది వస్తే గొప్ప, అందులో సగం మందికి అరవై దాటాయి. పిల్లలు ఇంటర్ అవగానే హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతారు. క్రిస్మస్‌కి వస్తారు, రెండు రోజులు గుడి కళకళలాడుతుంది, కొత్త సంవత్సరం ప్రార్థన అవగానే బస్సెక్కుతారు. సంఘం దగ్గర నాలుగు లక్షల పైచిలుకు డబ్బుంది. దాంతో ఏం చెయ్యాలి?

మూడు మాటలు వచ్చాయి. యూత్ కోసం బ్యాండుతో విడిగా రెండో ఆరాధన పెడదాం అన్నారు కొందరు. ఉన్న ఆరాధననే మారుద్దాం అన్నారు ఇంకొందరు. మూడోది, వారం మధ్యలో ఇళ్లలో కూడికలు. మీ సంఘంలోనూ ఇదే చర్చ నడుస్తూ ఉంటుందని నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను.

రెండో ఆరాధన అనగానే అందరికీ ఉత్సాహం వస్తుంది. హైదరాబాదు, విజయవాడల్లో పెద్ద సంఘాలు ఆదివారం రెండు మూడు ఆరాధనలు నడుపుతున్నాయి కదా అంటారు. నిజమే. కానీ అక్కడ చోటు చాలక పెట్టారు, లేదా తెలుగు రానివాళ్ల కోసం ఇంగ్లిషులో పెట్టారు. మనకి బెంచీలు ఖాళీగా ఉన్నాయి. చోటు చాలనివాళ్ల మందు తెచ్చి మనం మింగితే మన జబ్బు ఎలా తగ్గుతుంది?

మా పక్క ఊళ్లో ఒక సంఘం ఈ పని చేసి చూసింది. మొదటి ఏడాది యూత్ ఆరాధన నిండిపోయింది, మేమంతా వెళ్లి చూసి వచ్చాం. రెండో ఏడాది కీబోర్డు వాయించే అబ్బాయికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది. తర్వాత డ్రమ్స్ అబ్బాయి వెళ్లిపోయాడు. మూడో ఏడాది ఆ ఆరాధన ఆగిపోయింది. అంతకంటే బాధ కలిగించేది ఇంకొకటుంది. ఆ మూడేళ్లలో పెద్దవాళ్లకి పిల్లల పేర్లు తెలియకుండా పోయాయి. ఒకే కాంపౌండులో ఎనిమిదింటికి ఒక సంఘం, పదింటికి ఇంకో సంఘం. బ్యాండు ఆగాక ఆ పిల్లలు పదింటి ఆరాధనకి రాలేదు. అక్కడ వాళ్లని ఎరిగినవాళ్లు ఎవరున్నారు?

ఇక ఉన్న ఆరాధనని మార్చడం. ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడాలి, ఎందుకంటే గొడవంతా పాటల దగ్గరే వస్తుంది. కీర్తనలు పాతవి, బ్యాండు కొత్తది అనుకుంటాం. మన కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, కీర్తన పైన రాగం, తాళం వేసి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు సువార్తని మన రాగాల్లో కట్టినప్పుడు అదే కొత్త సంగీతం. దొరలు తెచ్చిన ట్యూన్లు ఒకవైపు ఉండగా, ఊరి జనం నోటికి పట్టే పాట ఆయన ఇచ్చారు. కాలానికి తగ్గట్టు మారడం మన సంఘాలకి మొదటినుంచీ ఉన్న అలవాటే.

మా గుడిలో మూడో బెంచీ చివర ఒక మామ్మ కూర్చుంటుంది. చదువు రాదు. ఆరు చరణాల కీర్తన పుస్తకం లేకుండా పాడుతుంది, ఎడమ చేత్తో బెంచీ మీద తాళం వేస్తూ. మా కుర్రాడు కీబోర్డులో రిథమ్ ఆన్ చేస్తే ఆవిడ లయ ఎక్కడో, రిథమ్ ఎక్కడో. రెండు వారాలు అలాగే నడిచింది, ఆవిడ మూడో వారం నోరు మూసుకుని కూర్చుంది. అది చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. మా పాస్టరు అయ్యగారు ఒక మంచి పని చేశారు. శనివారం సాయంత్రం ఆ కుర్రాణ్ణి మామ్మ ఇంటికి పంపారు. వాడు రిథమ్ ఆపేసి, ఆవిడ పాడుతుంటే వెనకాల శ్రుతి మాత్రం పట్టుకున్నాడు. తబలా వాయించే మేనమామని కూడా తీసుకెళ్లాడు. ఆదివారం పాట నిలబడింది. యూత్ పాట ఒకటి ఆ తర్వాత పాడితే మామ్మ కూడా చప్పట్లు కొట్టింది.

ఇలాంటి మార్పుకి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. ప్రసంగం యాభై నిమిషాల నుంచి ముప్పైకి తగ్గించడం, ప్రకటనలు చివర్లో రెండు నిమిషాల్లో ముగించడం, వాక్యం చదివే పని పదో తరగతి పిల్లలకి ఇవ్వడం, ఇవన్నీ రేపే చెయ్యొచ్చు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆరాధన ఎంత బాగుపడినా, గుడికి రానివాడికి ఆ సంగతి తెలియదు. వస్తున్నవాళ్లు నిలుస్తారు, అంతే. యూట్యూబ్ లైవ్ పెడితే సరిపోతుందన్నారు ఒకరు. మంచం పట్టినవాళ్లకి అది చాలా మేలు, తప్పకుండా పెట్టాలి. కానీ అది సంఘాన్ని పెంచదు.

మూడోది ఇళ్ల కూడికలు. నా మొగ్గు దీనివైపే, దాచను.

మా ప్రాంతంలో సంఘం ఎలా పుట్టిందో గుర్తు చేసుకుందాం. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని ప్రతి వార్షికోత్సవంలో చెప్పుకుంటాం. దానికి ముందు జరిగింది తక్కువ చెప్పుకుంటాం. 1876-78 నాటి ధాత కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చూశాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. అంతకు పదేళ్లకి పైగా ముందే, 1866లో, యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన తోళ్ల వ్యాపారి. బేరం కోసం తిరిగే ఊళ్లు, చుట్టాల ఇళ్లు, మాదిగ పల్లెల అరుగులు, ఇవే ఆయన సువార్త చెప్పిన వేదిక. నదిలో ఒక్కరోజు కనిపించిన జనం వెనక ఏళ్ల తరబడి ఇంటింటి నడక ఉంది.

సువార్తికుడు బక్త్ సింగ్ గారు హైదరాబాదులో నడిపిన హెబ్రోను సంఘంలోనూ ఇదే చూస్తాం. చాపల మీద అందరూ కలిసి కూర్చోవడం, ఆరాధన తర్వాత ప్రేమవిందులో కలిసి అన్నం తినడం. పక్కవాడి కులం ఏంటో చూసుకునే చోట ఒకే బంతిలో కూర్చుని తినడం చిన్న విషయం కాదు.

ఇబ్బందులు లేవా అంటే, బోలెడు. కూడిక నడిపే అన్న ఏడాది తిరక్కుండా పాస్టరైపోయి సొంత సంఘం బోర్డు పెట్టుకోవడం మనం చూడనిది కాదు. అద్దె ఇంట్లో పాటలు గట్టిగా పాడితే ఓనరు ఒప్పుకోడు, పక్కింటివాళ్లతో మాట వస్తుంది. బోధ దారి తప్పే ప్రమాదం ఉంది. అందుకే నేను కమిటీలో నాలుగు కట్టుబాట్లు అడిగాను: మైకు వద్దు, గంట దాటొద్దు, నడిపేవాళ్లు నెలనెలా మారాలి, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం గుడిలోనే.

డబ్బు సంగతి. ఆ నాలుగు లక్షలు సౌండ్ సిస్టమ్‌కి పెట్టొద్దన్నాను. ఒకప్పుడు ప్రతి పాస్టరేటులో, అంటే ఒక పాస్టరు చూసుకునే పరిధిలో, ఒక బైబిల్ స్త్రీ ఉండేది. తెల్ల చీర, చేతిలో సంచీ, మధ్యాహ్నాలు ఇల్లిల్లూ తిరిగేది. ఎవరి కోడలు పుట్టింటికి వెళ్లిపోయింది, ఎవరి అబ్బాయి తాగుతున్నాడు, అన్నీ ఆవిడకే ముందు తెలిసేవి. మిషన్ డబ్బు ఆగాక చాలాచోట్ల ఆ పని పోయింది, మళ్లీ ఎవరూ పెట్టలేదు. మన నాలుగు లక్షలతో అలాంటి ఒక మనిషిని రెండేళ్లు జీతమిచ్చి పెట్టుకుందాం, ఊళ్లో ఇళ్లకే కాదు, నెలకోసారి హైదరాబాదు వెళ్లి మన పిల్లల గదులకి కూడా వెళ్లేలా. ఊరు వదిలిన మన పిల్లల్లో ఎవరు ఏ ఏరియాలో ఉంటున్నారో ఒక లిస్టైనా మన దగ్గర లేదు. నేను రాయడం మొదలుపెట్టాను, ఇప్పటికి నలభై మూడు పేర్లయ్యాయి.

జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు 2001లో 1.55 శాతం, 2011లో 1.34 శాతం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులమని రాయిస్తే ఎస్సీ హోదా పోతుంది కాబట్టి ఆ కాగితం మీద మన ఎదుగుదలని కొలవలేం. నా లెక్క వేరే. ఆ నలభై మూడు మందిలో ఎంతమందికి జ్వరమొస్తే ఫోన్ చెయ్యడానికి సంఘంలో ఒక మనిషి ఉన్నారు?

కాబట్టి నా ఓటు ముందు కూడికలకి, వాటితో పాటే ఆరాధనలో చిన్న మార్పులకి. రెండో ఆరాధన మాట గుడి నిండాక చూద్దాం. కమిటీ ఇంకా తేల్చలేదు.

నిజాంపేటలో మా అబ్బాయి ఫ్లాట్‌లో మాత్రం గురువారం కూడిక మొదలైంది. వచ్చేది ఏడుగురు, అందులో ఇద్దరు మన సంఘంవాళ్లు కూడా కాదు. పోయిన వారం ఒక కీర్తన ట్యూను ఎవరికీ రాలేదు. మామ్మకి ఫోన్ చేశారు. ఆవిడ స్పీకర్‌లో పల్లవి రెండుసార్లు పాడి, మూడోసారి, "ఏదీ, మీరనండి" అంది.