చిమ్నీకి నీరు పట్టని మందు: 9 ఏళ్లు వాడాక

చిమ్నీ అంటే వంటింట్లో స్టవ్ మీద బిగించే డబ్బా కాదు. కప్పు దాటి పైకి లేచి, నాలుగు వైపులా వానకీ ఎండకీ ఒళ్లప్పగించి నిలబడే ఇటుక పొగగొట్టం. ఇంటి గోడకి చూరు ఉంటుంది, ఒక పక్కయినా లోపలి వెచ్చదనం ఉంటుంది. దీనికి ఆ రెండూ లేవు. ఇంట్లో అన్నిటికన్నా ముందు పాడయ్యేదీ ఇదే, మనం ఆఖరున తలెత్తి చూసేదీ ఇదే.

మా చిమ్నీకి సైలేన్-సైలోక్సేన్ రకం మందు కొట్టి ఈ ఏడాదికి 9 ఏళ్లు. పైన పొర కట్టకుండా ఇటుకలోకి ఇంకిపోయి నీటిని తోసేసే రకం ఇది. మందు కొట్టిన వారానికే "నీళ్లు ముత్యాల్లా జారిపోతున్నాయి, అద్భుతం" అని రాసేవాళ్లు చాలామంది దొరుకుతారు. వారానికి ఏ మందైనా బాగానే ఉంటుంది. నేను మొదట్నుంచీ కొలతలు ఒక నోట్‌బుక్కులో రాసుకుంటూ వచ్చాను, అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను. ఐదుకి నాలుగు వేస్తాను. కాకపోతే ఆ నాలుగులో సగం మందుకి చెందదు, మందుకంటే ముందు చేయించిన మరమ్మతుకి చెందుతుంది.

దీనికి ముందు ఒక తప్పు చేశాం. ఇటుక మీద తెల్లగా ఉప్పు పొంగుతోందని, అక్కడక్కడా పెచ్చులు రాలుతున్నాయని ఒక పనివాణ్ని పిలిచాం. అతను మెరిసే యాక్రిలిక్ సీలర్, అంటే పైన ప్లాస్టిక్ లాంటి పొర కట్టే పూత, రెండు కోట్లు వేసి వెళ్లాడు. చిమ్నీ నేరేడుపండులా నిగనిగలాడింది. ఆ నిగనిగ రెండు ఎండాకాలాలే. నైరుతి వైపు ముందు పసుపు తిరిగింది, తర్వాత ఉల్లిపొరలా లేచింది. లేచిన చోట గోరు పెట్టి లాగితే పొరతో పాటు ఇటుక ముఖం కూడా బొటనవేలంత పెచ్చుగా చేతిలోకి వచ్చేసింది. తిప్పి చూశాను. వెనకవైపు తెల్లటి నూగు. కళ్లకి దగ్గరగా పెట్టుకుంటే అది నూగు కాదు, పక్కపక్కనే గుచ్చిపెట్టినట్టున్న సన్నటి సూదులు. ఉప్పు స్ఫటికాలు.

జరిగిందేమిటంటే, చిమ్నీ నెత్తిన ఉన్న పగుళ్లలోంచి నీళ్లు లోపలికి దిగుతూనే ఉన్నాయి. గోడలో తడి ఎటు ఆరే వీలుంటే అటు నడుస్తుంది, కరిగిన లవణాల్ని వెంటేసుకుని మరీ. పొర లేని రోజుల్లో ఆ తడి ఆవిరైపోయి ఉప్పు బయట పేరుకునేది. చూడ్డానికి అసహ్యమే గానీ పొడి బ్రష్షుతో దులిపితే పోయేది. పొర అడ్డం పడ్డాక అదే ఉప్పు చర్మం కింద గడ్డకట్టి, చోటు చాలక ఇటుక ముఖాన్నే బయటికి తోసింది. చలికి నీరు గడ్డకట్టే చోట ఇంకా అన్యాయం. మంచుగా మారేటప్పుడు నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, మళ్లీ కరుగుతుంది, మళ్లీ ఉబ్బుతుంది.

ఇక్కడే ఎండ సంగతి కూడా చెప్పాలి. "ఎండ దెబ్బ నుంచి ఇటుకకి రక్షణ" అని డబ్బాల మీద రాస్తారు. బట్టీలో కాలి వచ్చిన దానికి ఎండ ఒక లెక్కా! అతినీలలోహిత కిరణాలు ఇటుకని పెద్దగా ఏమీ చేయవు. అవి తినేది మనం పైన పూసిన వాటిని: యాక్రిలిక్ పొరని, రంగుని, సందుల్లో కూరిన సీలెంట్‌ని. ఇటుకకి ఎండ వల్ల జరిగే చేటు వేరే రకం. పొద్దున తడి, మధ్యాహ్నం వేడి, సాయంత్రం చల్లదనం, ఇలా రోజూ సాగీ ముడుచుకునీ దరజుల దగ్గర, అంటే ఇటుకకీ ఇటుకకీ మధ్య మాలు నింపిన అతుకుల దగ్గర, వెంట్రుకంత సందులు పడతాయి. ఆ సందులే తర్వాత నీటికి దారులు.

యాక్రిలిక్‌ని ఊడగీయడానికి పట్టిన కష్టం గురించి ఎక్కువ రాయను, తలుచుకుంటే భుజాలు నొప్పెడతాయి. జెల్ రిమూవర్ పూయడం, నానబెట్టడం, నైలాన్ బ్రష్షుతో రుద్దడం, కడగడం. ఉన్న పొర తీయకుండా ఇంకే మందు కొట్టినా దండగే, లోపలికి దిగదు.

తర్వాత వచ్చిన మేస్త్రీ పెద్దాయన. కొత్త మందు డబ్బా చూపించి "ఇది కొట్టేద్దామా మేస్త్రీ గారూ?" అన్నాను. ఆయన డబ్బా వైపు చూడనుకూడా లేదు. "చిల్లుకుండకి రంగేస్తే నీళ్లాగుతాయా బాబూ? ముందు నెత్తి చూద్దాం పదండి" అన్నారు.

నెత్తిన కాంక్రీటు పలక ఉండాల్సిన చోట, ఎప్పుడో పని ముగించేటప్పుడు మిగిలిన మాలుతో పూసేసిన గచ్చు ఉంది. నాలుగు బీటలు, ఒకదాంట్లో వేలు పట్టేంత సందు. దాన్ని కొట్టేసి పలక పోశారు: అన్ని వైపులా ఇటుక ముఖం దాటి 50 మి.మీ. బయటికి, పైన వాలు, అంచు కింద నీళ్లు వెనక్కి పాకకుండా ఒక గాడి. పొగగొట్టం లోపలి పెంకు, అంటే పొగ పోయే దారికి తొడిగిన మట్టి గొట్టం, వేడికి సాగుతుంది కాబట్టి దానికీ పలకకీ మధ్య కొంచెం ఖాళీ వదిలి సీలెంట్‌తో నింపారు. పాడైన దరజుల్ని 20 మి.మీ. లోతు గీకి, సున్నం కలిపిన మాలుతో కొత్తగా పూడ్చారు. "గట్టి సిమెంటే పెట్టండి, పది కాలాలుంటుంది" అని నేనంటే ఆయన ఒప్పుకోలేదు. మాలు ఇటుక కంటే మెత్తగా ఉండాలి, తడి దరజులోంచి బయటికి పోవాలి. దరజు గట్టిదైతే తడి ఇటుకలోంచే పోతుంది, అరిగిపోయేది ఇటుకే. దరజుని మళ్లీ పూడ్చుకోవచ్చు, ఇటుకని ఏం చేస్తాం? ఆఖరున కప్పూ చిమ్నీ కలిసే చోట రేకు మార్చారు. పాతదాన్ని తారుతో అంటించేసి ఉన్నారు. కొత్త రేకు పై అంచుని దరజులోకి దూర్చి మడిచారు.

మాలు పూర్తిగా గట్టిపడాలని 28 రోజులు ఆగాం. ఆ మధ్యలో రెండు పెద్ద వానలు పడ్డాయి. పై గదిలో చిమ్నీ పక్కన పళ్లెమంత చెమ్మ మరక ఒకటి ఏళ్లుగా ఉండేది. దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి ఉంచాను. రెండు వానలకీ మరక గీత దాటలేదు సరికదా, లోపలికి తగ్గింది. అప్పటికి మందు ఇంకా డబ్బాలోనే ఉంది.

ఇక మందు సంగతి. సైలేన్ అణువులు బాగా చిన్నవి, లోతుకి దిగుతాయి. సైలోక్సేన్‌వి కాస్త పెద్దవి, పైపైన ఉంటాయి. రెండూ ఇటుకలోని సిలికాని పట్టుకుని అక్కడే ఉండిపోతాయి. ఇటుకలోని సూక్ష్మరంధ్రాలకి ఇవి మూతపెట్టవు, వాటి గోడలకి నూనె రాసినట్టు చేస్తాయి. అందుకే నీటి చుక్క లోపలికి పోలేదు గానీ లోపలి ఆవిరి బయటికి రాగలదు. ఇదే కారణంగా సిలికా లేని సున్నపురాయికి ఇవి అంతగా పట్టవు. నున్నటి మెరుపు ఇటుకలోకైతే అసలు దిగవు.

మా చిమ్నీ చుట్టుకొలత 3 మీటర్లు, కప్పు మీద ఎత్తు 2.1 మీటర్లు. రెండు కోట్లకి 5 లీటర్లు పట్టింది. పొలంలో మందు కొట్టే పంపు లాంటిదే, ఒత్తిడి తగ్గించి, కింద నుంచి పైకి కొట్టాలి. పైనుంచి మొదలుపెడితే కారిన చారలు పొడి ఇటుక మీద పడి, ఎక్కడ ఎంత పట్టిందో తెలియదు. కొట్టిన చోటి నుంచి మందు ఒక జానెడు కిందికి కారేంత ధారాళంగా కొట్టాలి. మొదటి కోటు తడి ఆరకముందే రెండోది. ఎండ నెత్తికెక్కకముందే ముగించాలి, వేడి ఇటుక మీద మందు దిగేలోపే ఎగిరిపోతుంది. కొట్టగానే పాలలా తెల్లగా కనిపించి కంగారు పెడుతుంది. గంటలో పోతుంది. మెరుపు రాదు, రంగు మారదు. మా ఇంటికొచ్చినవాళ్లు "ఏమీ వేసినట్టే లేదే" అన్నారు. నాకు కావాల్సిందీ అదే.

ఒక పొరపాటు నాదే. ఇంటి కప్పులో ఉన్న అద్దాల కిటికీని సగం మాత్రమే కప్పాను. గాలికి తుంపర వెళ్లి మిగతా సగం మీద పడింది. మర్నాటికి అద్దం మీద పొగమంచు లాంటి మసక. సబ్బు, స్పిరిట్, బ్లేడు, ఏదీ పనిచేయలేదు. అద్దమూ సిలికానే కదా, మందు దాన్నీ ఇటుకలాగే పట్టుకుంది. 9 ఏళ్లుగా ఆ మసక అలాగే ఉంది. ఇన్నేళ్లలో దీనంత బలంగా మందు ఎక్కడా నిలవలేదు!

నా కొలత సాధనం ఒక గాజు గొట్టం. కట్టడాల పరీక్షలకి వాడే రైలెమ్ గొట్టం అంటారు. దాన్ని లప్పం లాంటి ముద్దతో గోడకి అంటించి, 5 మి.లీ. గీత దాకా నీళ్లు పోసి, ఎంతసేపట్లో ఎంత దిగిందో చూడటమే. మందు లేనప్పుడు పడమటి ఇటుక 5 మి.లీ. నీళ్లని నాలుగు నిమిషాల్లోపే తాగేసింది. కొట్టిన నెలకి 20 నిమిషాలు చూసినా చుక్క కదల్లేదు.

మూడో ఏడు వానాకాలంలో గుండె జారింది. నీళ్లు ముత్యాల్లా జారడం లేదు. నైరుతి వైపు ఇటుక తడిసి నల్లబడుతోంది. మందు అయిపోయిందనుకుని ఇంకో డబ్బా తెప్పించబోయాను. అంతకుముందు ఎందుకో గొట్టం అంటించి చూశాను. 20 నిమిషాలకి 0.2 మి.లీ. అంటే దాదాపు ఏమీ తాగలేదు. ఎండ పైపైన ఉన్న మందుని మాత్రమే కాల్చేసింది, పైకి అంటిన దుమ్మూ మసీ తడిని కాసేపు పట్టి ఉంచుతున్నాయి. లోపల కొన్ని మిల్లీమీటర్ల లోతులో మందు భద్రంగా ఉంది, అక్కడికి ఎండ చేరదు. వాన వెలిశాక చూస్తే ఆ నలుపు అరగంటలో ఆరిపోయేది. మందు లేని రోజుల్లో రెండు రోజులు పట్టేది. కాబట్టి ముత్యాలు పోయాయని మందు పోయిందనుకోకండి. గొట్టం లేకపోతే, వాన వెలిశాక ఎంతసేపటికి ఆరుతుందో గడియారం పెట్టుకుని చూడండి.

ఎండ అసలు దెబ్బ తీసింది నెత్తి మీద. పలకకీ పెంకుకీ మధ్య పెట్టిన పాలీయురేథేన్ సీలెంట్ ఐదో ఏటికి బీటలు వారి, వేలితో నొక్కితే పొడిగా రాలింది. దాని స్థానంలో సిలికాన్ పెట్టించాను, ఎండని అది బాగా ఓర్చుకుంటుంది. నాలుగేళ్లయింది, ఇంకా రబ్బరులాగే వంగుతోంది. మందు మీద పెట్టే దృష్టిలో సగం ఈ ఒక్క సందు మీద పెట్టి ఉంటే ఆ ఏడాది కొత్త చెమ్మ వచ్చేది కాదు.

మందు చేయలేని పని ఇంకోటి బయటపడింది. ఉత్తరం వైపు, పలక కింద మూడో వరసలో నాలుగైదు ఇటుకల మీద ఉప్పు ప్రతి చలికాలం మళ్లీ మళ్లీ పొంగేది. బయటి నీళ్లు ఆగిపోయాయి కదా, మరి ఇదెక్కడి తడి? కట్టెలు మండితే పొగతో పాటు నీటి ఆవిరి కూడా పైకి పోతుంది. చల్లటి పై భాగానికి వచ్చేసరికి అది నీరై లోపలి గోడకి పడుతుంది. లోపలి పెంకులు రెండు కలిసే చోట మాలు రాలిపోయి ఉంది, తడి అక్కణ్నుంచి ఇటుకలోకి వస్తోంది. మసి ఊడ్చేవాళ్లు కెమెరా దించి చూపించారు. అది తడి సమస్యే కాదు, నిప్పు ప్రమాదం కూడా. బాగు చేయించేదాకా పొయ్యి వెలిగించలేదు. పొర కట్టే సీలర్ అయితే ఆ ఉప్పు బయటికే కనిపించేది కాదు, మాకు తెలిసేదీ కాదు.

ఒక నక్షత్రం ఎందుకు కోశానో చెప్పాలి. "పదేళ్ల రక్షణ" అన్నది నాలుగు వైపులకీ ఒకేలా నిజం కాదు. ఈ ఏడాది కొలతల్లో తూర్పు, ఉత్తరం, దక్షిణం 20 నిమిషాలకి 0.3 మి.లీ. దాటలేదు. వాన ఏటవాలుగా కొట్టే పడమటి ముఖంలో పై ఏడు వరసలు మాత్రం 1.5 మి.లీ. తాగాయి. దరజుకీ ఇటుకకీ మధ్య వెంట్రుకంత సందున్న ఒక చోట గొట్టం ఖాళీ అవడానికి రెండు నిమిషాలు పట్టలేదు. సందుల్ని ఈ మందు పూడ్చదు, డబ్బా మీద ఆ ముక్క చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మళ్లీ కొట్టడంలోనూ తిరకాసుంది. మాది నీళ్లలో కలిపిన రకం. పాత మందు ఇంకా పనిచేస్తున్న చోట కొత్త మందునీ అది నీళ్లలాగే తోసేస్తుంది, కారిపోయి వృథా అవుతుంది. అందుకని చిమ్నీ మొత్తానికి కొట్టే ఆలోచన మానేశాను. ఆ ఒక్క సందు గీకి మాలు పూడ్చాం. దానికి 28 రోజులు ఈ వారంతో నిండుతాయి. తర్వాత పడమటి పై ఏడు వరసలకే మందు.

అప్పుడు మిగిలిన అర లీటరు పనికొస్తుందని 9 ఏళ్లు దాచాను. మొన్న మూత తీస్తే విరిగిన పాలలా అడుగున ముద్ద, పైన నీళ్లు. ఒక లీటరు కొత్తది తెచ్చాను, పరంజా ఆదివారం కడతారు. ఈసారి అద్దాల కిటికీని పూర్తిగా కప్పుతున్నాను.