ఎలిజబెత్ సిక్స్‌పెన్సా, హంగేరీ డెనారా: మొదటి నాణెంగా ఏది మేలు?

సుత్తితో కొట్టిన యూరప్ వెండి నాణేలు సేకరించాలనుకుంటే, మొదటి నాణెంగా నాకు తోచేవి రెండు: ఒకటి ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ సిక్స్‌పెన్స్ (ఆరు పెన్నీల నాణెం), ఇంకోటి 16వ శతాబ్దపు హంగేరీ డెనార్ (చిన్న వెండి నాణెం). రెండూ ఒకే పద్ధతిలో తయారైనవే. కింద అచ్చు, మధ్యలో వెండి బిళ్ల, పైన ఇంకో అచ్చు, దాని మీద సుత్తి దెబ్బ. అందుకే ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు.

ధరలో డెనారే చవక. వెండి దాదాపు సగమే, బరువు అరగ్రాము చిల్లర, చిటికెన వేలి గోరు కన్నా కాస్త పెద్దది. బొరుసు మీద బాలయేసును ఎత్తుకున్న మరియమ్మ, చాలావాటిలో ఆమెకు అటూ ఇటూ కే, బీ అక్షరాలు. అవి కెర్మెట్స్‌బాన్యా టంకశాల గుర్తులు. ఆ ఊరు ఇప్పుడు స్లొవాకియాలో ఉంది, పేరు క్రెమ్నిత్సా. ఎక్కడిదో గుర్తుపట్టడానికి నిమిషం పట్టదు. చిక్కల్లా సంవత్సరంతోనే. అది అంచు చుట్టూ తిరిగే అక్షరాల చివర ఉంటుంది. దెబ్బ కాస్త పక్కకు పడిందంటే సంవత్సరం బిళ్ల బయటికి పోయినట్టే. ఇక రాజు పేరులో మిగిలిన రెండు మూడు అక్షరాలే దిక్కు.

సిక్స్‌పెన్స్ అలా కాదు. అసలు బరువు సుమారు 3 గ్రాములు, వెండి నూటికి 90 పాళ్లకు పైనే. రాణి తల వెనక చిన్న గులాబీ ఉంటుంది. పరిమాణంలో దగ్గరగా ఉండే గ్రోట్‌కు (నాలుగు పెన్నీల నాణేనికి) ఆ గులాబీ లేదు, సంవత్సరమూ లేదు. 1561 నుంచి 1602 దాకా వచ్చిన సిక్స్‌పెన్సుల మీద సంవత్సరం బొరుసు మీదున్న రాజచిహ్నపు డాలుకు పైన, లోపలి వలయంలో ఉంటుంది. కొన్నేళ్లకోసారి మారే టంకశాల గుర్తు మాత్రం బయటి అక్షరాల మొదట్లో, రెండు వైపులా ఉంటుంది. ఆ రోజుల్లో వెండి కోసం అంచులు కత్తిరించేవాళ్లు. అలా కత్తిరిస్తే గుర్తు పోయినా సంవత్సరం మిగులుతుంది. అరిగి సంవత్సరం పోతే గుర్తు ఆదుకుంటుంది.

నా దగ్గరున్నదాంట్లో 157 వరకే కనిపిస్తుంది, చివరి అంకె పూర్తిగా అరిగిపోయింది. లైటు పక్కనుంచి పడేలా పట్టుకుని భూతద్దంతో చూస్తే, రాణి తలకు పైన అక్షరాలు మొదలయ్యే చోట టోపీ పెట్టుకున్న గింజలాంటి బొమ్మ తేలింది. ఓక్ కాయ! ఆ గుర్తు 1573, 74లలోనే వాడారు. పదేళ్ల అనుమానం రెండేళ్లకు తగ్గింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే నా ఓటు సిక్స్‌పెన్స్‌కే, అరిగిందైనా సరే. బడ్జెట్ మరీ తక్కువైతే డెనార్ తీసుకోండి, కానీ సంవత్సరం నాలుగంకెలూ కనిపించేదే ఎంచుకోండి. ఏది కొన్నా ముందు తూకం వేయండి, తర్వాత అంచు చూడండి. చుట్టూ సన్నటి గీత గానీ, ఒంటి మీద బుడగల గుంటలు గానీ కనిపిస్తే అది పోతపోసిన నకిలీ కావచ్చు, వదిలేయండి.