తిరుపతిలో ‘సీటూ మేమే, లోనూ మేమే’ అనే వాళ్లను నమ్మకండి: 38,000 రూపాయలు పోగొట్టుకున్నాను

డిగ్రీలో మార్కులు తక్కువ వచ్చి, పీజీ ఎలా చదవాలా అని తిరుగుతున్న వాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి.

నాకు బీకాంలో 46 శాతం వచ్చింది. ఎంబీఏ చదవాలని ఆశ. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌కు ఓసీ వాళ్లకు డిగ్రీలో 50 శాతం ఉండాలి. ఆ నాలుగు శాతం గురించి నోరు విప్పడానికి సిగ్గుపడ్డాను. ఎస్వీ యూనివర్సిటీ ముందు నుంచే రోజూ బస్సులో వెళ్తూ కూడా, ఒక్కసారి దిగి లోపల ఎవరినీ అడగలేదు. బస్టాండు దగ్గర ఒక కన్సల్టెన్సీ బోర్డు కనిపిస్తే మాత్రం మెట్లెక్కాను.

అక్కడాయన నా మార్కుల జాబితా చూసి మొహం చిట్లించలేదు. “మార్కులదేముందమ్మా, సీటూ మేమే ఇప్పిస్తాం, లోనూ మేమే ఇప్పిస్తాం” అన్నాడు. ఫలితాలు వచ్చినప్పటి నుంచి నాతో అంత ఆదరంగా ఎవరూ మాట్లాడలేదు. నేను పడిపోయింది అక్కడే. లోను ఖర్చులకని 38,000 అడిగితే, అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఇచ్చింది.

మూడు నెలలు ‘ఫైలు కదులుతోంది’ అన్న మాటే. చివరికి నాన్నతో కలిసి బ్యాంకుకు వెళితే, నా పేరుతో అసలు దరఖాస్తే లేదు! మేనేజరు గారు కూర్చోబెట్టి చెప్పారు. 4 లక్షల వరకు విద్యా రుణానికి తాకట్టు అక్కర్లేదు, అమ్మో నాన్నో కలిసి సంతకం చేయాలి. ఫీజును బ్యాంకే కాలేజీ ఖాతాకు పంపుతుంది. విద్యాలక్ష్మి పోర్టల్‌లో మనమే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మధ్యలో మనిషి దేనికి?

సీటు సంగతి ఇంకా ఘోరం. వేరే రాష్ట్రంలోని ప్రైవేటు యూనివర్సిటీ అట, తరగతులు మాత్రం ఇక్కడి ‘కేంద్రం’లోనేనట. ఇలా కేంద్రాలను ఇతరులకు అప్పగించి డిగ్రీలు ఇవ్వడాన్ని, యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ ఒప్పుకోదు. దూరవిద్య అని చెబితే, ఆ కోర్సుకు ఆ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో చూడండి. నేను ఆలస్యంగా చూశాను. ఆ పేరే లేదు.

దూరవిద్య నడిపే కేంద్ర విశ్వవిద్యాలయం ఇగ్నోలో ఎంఏ ఎకనామిక్స్‌కు ఏదైనా డిగ్రీ ఉంటే చాలని, శాతం అడగరని కూడా ఆ తర్వాతే తెలిసింది. ఇప్పుడు అందులోనే చేరుతున్నాను. ముందే ఎవరినైనా అడిగి ఉంటే అమ్మ గాజులు అమ్మ చేతికే ఉండేవి.

డబ్బు వెనక్కి అడిగితే రసీదు తిప్పి చూపించారు. ‘సలహా రుసుము, తిరిగి ఇవ్వబడదు’ అని చిన్న అక్షరాల్లో ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ఇంకా జవాబు రాలేదు. మీకూ ఇలాంటి రసీదు ఇచ్చి ఉంటే పారేయకండి, దానితో మీరూ ఫిర్యాదు చేయండి.