అనంతగిరి దారిలో తేలిక చక్రాలు, ట్యూబులెస్ టైర్లు

హైదరాబాదు చుట్టుపక్కల మట్టి బాటల్లో మౌంటెన్ బైక్ నడిపేవారిని రాళ్ళకన్నా తుమ్మముళ్ళే ఎక్కువగా బాధిస్తాయి. గత వర్షాకాలంలో వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్ళినప్పుడు ఒక్క పూటలోనే నాకు 3 పంచర్లు పడ్డాయి. వెంట తీసుకువెళ్ళిన 2 ట్యూబులూ అయిపోవడంతో అడవి బాట నుంచి తారురోడ్డు దాకా సైకిలును నడిపించుకుంటూ రావలసివచ్చింది. ఈ జనవరిలో చక్రాలు మార్చి, ట్యూబులు తీసివేయించి, అదే దారిన మళ్ళీ వెళ్ళివచ్చాను.

ముందుగా చక్రాల సంగతి. సైకిలుతో వచ్చిన పాత జత బరువు 2,300 గ్రాములు. కార్బన్ రిమ్ములు ఊరించాయి గానీ, రాతికి తగిలి పగిలితే బాగుచేయించుకోవడం కష్టమని వాటిని వద్దనుకుని, 1,750 గ్రాముల అల్యూమినియం జత తీసుకున్నాను. 28 స్పోకుల జత ఇంకొంచెం తేలికే. అయినా 78 కిలోల మనిషినైన నాకు, ఎర్రరాతి గతుకుల మీద నమ్మకంగా నిలబడేవి 32 స్పోకుల చక్రాలే అనిపించింది. పైగా వాటిలో వాడేవి తల దగ్గర వంపు ఉండే మామూలు స్పోకులు కాబట్టి, ఒకటి విరిగినా నగరంలో దొరకడం సులభం. కొనేముందు వెనుక చక్రం నడుమ ఉండే హబ్ వెడల్పు, ఇరుసు, గేర్ల క్యాసెట్ కూర్చునే ఫ్రీహబ్ రకం మన సైకిలుకు సరిపోతాయో లేదో చూసుకోవాలి. ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా ఎంత మంచి చక్రమైనా వృథాయే.

ట్యూబులెస్‌కు మార్చే పనిలోనే రెండు దుకాణాల తేడా తెలిసింది. మొదటి చోట రిమ్ లోపలి వెడల్పు కొలవకుండా స్పోకు రంధ్రాలను మూసే టేపు చేతికందినది వేశారు. తెల్లవారేసరికి స్పోకు రంధ్రాల గుండా గాలంతా పోయి టైరు నేలకు అంటుకుపోయింది. రెండవ చోట మెకానిక్ 30 మిల్లీమీటర్ల రిమ్‌కు 34 మిల్లీమీటర్ల టేపు తీసి, రిమ్‌ను స్పిరిటుతో తుడిచి, టేపును బిగువుగా లాగుతూ చుట్టాడు. టైరు అంచులకు సబ్బునీళ్ళు రాసి, వాల్వు లోపలి పిన్ను తీసి కంప్రెసర్‌తో గాలి వదిలేసరికి, టైరు అంచు టప్ టప్‌మంటూ రిమ్‌లో కూర్చుంది. ఇంట్లో చేతిపంపుతో నేను గంటసేపు ప్రయత్నించినా జరగని పని అది. చివరగా ఒక్కో టైరులో, చిల్లు పడితే లోపలి నుంచి పూడ్చే ద్రవమైన సీలెంట్ 90 మిల్లీలీటర్లు పోశాడు. పని నేర్చినవారికి కూలి కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

అప్పా జంక్షన్ దాటి మొయినాబాదు, చేవెళ్ళ మీదుగా పాత మర్రిచెట్ల నీడన సాగే తారురోడ్డు మీద తేలిక చక్రాల తేడా పెద్దగా తెలియలేదు. అనంతగిరి ఎక్కుడులో, ముఖ్యంగా ఆగి మళ్ళీ కదిలేటప్పుడు, స్పష్టంగా తెలిసింది. అయితే ట్యూబులు తీసివేయడం వల్ల బరువు చాలా తగ్గుతుందనుకోవడం పొరపాటు. 2 ట్యూబుల 400 గ్రాములు పోయినా సీలెంట్, టేపు, వాల్వులు వచ్చి చేరతాయి కాబట్టి, చివరికి మిగిలేది 150 గ్రాములకు అటూ ఇటూ మాత్రమే. అసలు లాభం గాలి తగ్గించుకోగలగడంలో ఉంది. ట్యూబు రిమ్‌కూ రాతికీ మధ్య నలిగి తెగుతుందన్న భయంతో నేను గాలి ఒత్తిడి 38 పీఎస్ఐ పెట్టేవాణ్ణి. ఇప్పుడు ముందు 22, వెనుక 25 సరిపోతున్నాయి. మూసీ పుట్టే ఆ కొండల్లో వేళ్ళు తేలిన దిగుడు బాట మీద టైరు నేలను పట్టుకున్న తీరు చూసి నాకు ఎంతో సంతోషం కలిగింది.

బస విషయానికి వస్తే, మొదటిసారి దిగిన ప్రైవేటు ఫామ్‌హౌసులో గదులు బాగున్నా సైకిలును రాత్రంతా ఆరుబయట వదలమన్నారు. ఈసారి కొండ మీది పర్యాటక సంస్థ హరిత బసలో కింది గది తీసుకుని సైకిలును గుమ్మం పక్కనే పెట్టుకున్నాను. సైకిలుతో వెళ్ళేవారు భోజనం, దృశ్యాలకన్నా ముందు అడగవలసినది ఇదే.

మరునాడు ఉదయం ముందు టైరులో అంగుళం పొడవు ముల్లు దిగి ఉంది. దాన్ని లాగగానే తెల్లటి ద్రవం బుస్సుమని చిమ్మింది. చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకుంటే, బుడగలు సన్నబడి అర నిమిషంలో ఆగిపోయాయి. తిరుగు ప్రయాణంలో చేవెళ్ళ దగ్గరి పంచర్ దుకాణంలో గాలి పట్టించుకున్నాను. అక్కడి గొట్టం మోటారు సైకిలు వాల్వుకు మాత్రమే పడుతుంది కాబట్టి, మన సన్నపు వాల్వుకు తగిలించే చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో ఉండాలి. పెద్ద కోత పడితే సీలెంట్ ఆపలేదు కనుక ఒక ట్యూబు ఇప్పటికీ సంచిలో ఉంచుతున్నాను. మన ఎండలకు సీలెంట్ త్వరగా ఎండుతుంది కాబట్టి, మార్చి నెల రాగానే వాల్వు పిన్ను తీసి, సన్నని పుల్లతో లోపల తడి ఎంత ఉందో చూసి మళ్ళీ పోయిస్తాను.